"ఎరుగుదును" అంటే "నాకు తెలుసు" అనేనా?

తెనాలి టు యూటా:
ఒక వాక్యం నాలుగు రోజులుగా బుర్ర తినేస్తోంది. చిన్నప్పుడు మిషన్ స్కూల్లో విన్నది, యోసేపు మరియల గురించి. "ఆమె కుమారుని కను వరకు ఆమెను ఎరుగక..." తర్వాత ఏమిటి? ఎరుగకుండెనా, ఎరుగకయుండెనా?

ఎందుకంటే, మా పక్కింటివాళ్లు మోర్మన్లు, అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘం వాళ్లు. (ఆ పేరు వాడొద్దని, సంఘం పూర్తి పేరే చెప్పమని 2018లో వాళ్ల అధ్యక్షుడు అడిగారు. అంత పొడుగు పేరు ప్రతిసారీ టైపు చేసే ఓపిక నాకు లేదు, మన్నించండి.) వాళ్లబ్బాయి రెండేళ్లు హైదరాబాద్‌లో సువార్త పని చేసి వచ్చాడు, కాస్త తెలుగు వచ్చు. నెలలో మొదటి ఆదివారం వాళ్ల చర్చిలో ఉపవాసం, ఆ రోజు ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పొచ్చు. పిలిస్తే వెళ్లాను. ఈ అబ్బాయి లేచి రెండే ముక్కలు చెప్పాడు, ఇంగ్లిష్‌లోనే: ఈ సంఘం సత్యమని నాకు తెలుసు, నేను గే అనీ నాకు తెలుసు. చెప్పి కూర్చున్నాడు. చంటిపిల్లల ఏడుపు తప్ప హాల్లో చప్పుడు లేదు. బయటికొచ్చాక నన్ను పట్టుకుని, "అన్నా, మీ భాషలో దీనికి రెండు మాటలున్నాయి కదా, తెలుసు, ఎరుగుదును. నేను ఏది అనాలి?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

బండి ర అభిమాని:
"ఎరుగకుండెను". మత్తయి 1:25. అయినా అది ఎరుగు కాదండీ, ఎఱుగు. బండి ర తీసేసి మనం చాలా పోగొట్టుకున్నాం. పోతన గజేంద్రుడు "నీవే తప్ప నితఃపరం బెఱుఁగ" అంటాడు, అక్కడ ఱ ఉంది, అరసున్నా ఉంది.

చందస్సు పిచ్చి:
ఉంది సరే, ఆ పద్యంతో ఱ నిరూపించలేరు మాస్టారు. "లావొక్కింతయు" శార్దూలం, ప్రాస (పాదంలో రెండో అక్షరం) వకారం. లావు, ఠావు, నీవే, రావే. ఱ రుజువు కావాలంటే ఱ ప్రాసలో పడ్డ పద్యం తేవాలి. పైగా మీ పేరు "బండి ర", అందులో ర మామూలు ర :)

బండి ర అభిమాని:
ఫోన్ కీబోర్డులో వెతుక్కోలేక. మీ పేరులో "ఛందస్సు"కి వత్తు లేదు, అది కూడా చూసుకోండి.

కడవరి వాన:
నేను పుట్టు క్రైస్తవురాలిని, ఆ సంఘం కాదు, మాది లూథరన్. నాకెప్పుడూ ఒక సందేహం. ఆదికాండము 4లో "ఆదాము తన భార్యయైన హవ్వను కూడినప్పుడు" అని ఉంటుంది. మూలంలో అక్కడున్నది కూడా "తెలియడం" అనే అర్థమున్న క్రియే. మరి అక్కడ కూడు, మత్తయిలో ఎరుగు ఎందుకు? లూకాలో మరియ కూడా "నేను పురుషుని ఎరుగనిదాననే" అంటుంది. జరిగినచోట కూడు, జరగనిచోట ఎరుగు. అంటే ఎరుగుని వ్యతిరేకార్థంలో వాడితేనే తెలుగు చెవికి మర్యాదగా వినిపించిందేమో అనువాదకులకి.

పాలకొల్లు పెద్దాయన:
అమ్మా, అది అనువాదం వల్ల వచ్చిన అర్థం కాదు. మా నాయనమ్మ "మొగుణ్ణి ఎరగని పిల్ల" అనేది. అచ్చ తెలుగే.

కడవరి వాన:
మీ నాయనమ్మగారు ఏ స్కూల్లో చదివారు బాబాయ్ గారూ?

పాలకొల్లు పెద్దాయన:
...మిషన్ స్కూలే. అయినా ఒప్పుకోను.

మేసా నుంచి:
అసలు విషయానికి వద్దాం. నేనుండేది అరిజోనా మేసాలో, ఇక్కడ మోర్మన్లు ఎక్కువ. వాళ్ల మాటతీరులో ఒక తమాషా ఉంది. వాళ్ల విశ్వాస సూత్రాలు 13, సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ 1842లో ఒక పత్రికాసంపాదకుడికి రాసిన ఉత్తరంలోవి. వాటిలో దాదాపు అన్నీ "మేము నమ్ముతున్నాము" అనే మొదలవుతాయి. కానీ సాక్ష్యం చెప్పడానికి లేస్తే "నాకు తెలుసు" అనాలి, నమ్ముతున్నానంటే ఒక మెట్టు తక్కువన్నట్టు చూస్తారు. పుస్తకంలో అలా లేదు. వాళ్ల గ్రంథం "సిద్ధాంతము, నిబంధనలు" 46వ ప్రకరణంలో కొందరికి తెలుసుకోవడం వరం, కొందరికి వాళ్ల మాట నమ్మడం వరం అని రెండూ పక్కపక్కనే ఉన్నాయి. 2013 ఏప్రిల్ సభలో సంఘం పెద్దల్లో ఒకరైన జెఫ్రీ హాలండ్ ఒక 14 ఏళ్ల పిల్లాడి సంగతి చెప్పారు. సంఘం సత్యమని తెలుసని ఇంకా అనలేను కానీ నమ్ముతున్నాను అన్నాడట, ఈయన వాణ్ణి కౌగిలించుకున్నాడట. అది పెద్ద ప్రసంగమైందంటేనే తెలుస్తుంది, అలా అనడానికి పిల్లలు ఎంత టెన్షన్ పడతారో.

చందస్సు పిచ్చి:
"కలడు కలండనెడువాడు కలడో లేడో". ఏనుగుకి ఆ టెన్షన్ లేదు. ముందు అనుమానం బయటపెట్టి, తర్వాతే "ఇతఃపరం బెఱుఁగ" అంది. అది కూడా "నువ్వున్నావని నాకు తెలుసు" అని కాదు, "నువ్వు తప్ప ఇంకొకటి ఎరగను" అని. పోతన గొప్పతనమంతా ఆ "ఎఱుఁగ"లోనే ఉంది, దీని మీద నేను రెండు గంటలు మాట్లాడగలను.

మేసా నుంచి:
వద్దులెండి :)

వ్యాకరణం వారు:
ఎవరూ అసలు తేడా పట్టుకోలేదు. నాకు తెలుసు, నేను ఎరుగుదును. మొదటిదాంట్లో కర్త "నాకు", దాహం వేసినట్టు, జ్వరం వచ్చినట్టు, అది మన దగ్గరికి వస్తుంది. రెండోదాంట్లో "నేను", క్రియ చివర "ను" కూడా ఉంది, బాధ్యత నాది. బైబిల్లో యోబు "నా విమోచకుడు సజీవుడనియు... నేనెరుగుదును" అంటాడు, నాకు తెలుసు అనడు. దైవం తెలియజేసిందనుకుంటే "నాకు తెలుసు" సరి, నేను నిలబడి చెబుతున్నాననుకుంటే "ఎరుగుదును".

మేసా నుంచి:
మీరు తెలియకుండానే వాళ్ల గొడవంతా చెప్పేశారండీ. ఆ సంఘం పెద్దలు చాలాకాలం "గే" అనే మాట వాడలేదు, "స్వలింగ ఆకర్షణ కలిగినవాడు" అనేవారు. అంటే "నాకు ఉంది". ఈ తరం పిల్లలు "నేను" అంటారు. ఆకర్షణ పాపం కాదు, ఆచరణే పాపం అన్న సిద్ధాంతం నిలబడాలంటే వాళ్లకి ఆ "నాకు" కావాలి. ఇక్కడ మొత్తం పోరాటం విభక్తి మీదే!

కడవరి వాన:
మరి మారుతున్నారు అంటారుగా?

మేసా నుంచి:
మారతారు, కానీ దారి వేరు. 1890లో అప్పటి సంఘాధ్యక్షుడు విల్‌ఫర్డ్ వుడ్రఫ్ బహుభార్యాత్వం ఆపమని ప్రకటించారు, అప్పటికే ప్రభుత్వం సంఘం ఆస్తులు లాక్కుంటోంది, 1896లో యూటా రాష్ట్రమైంది. 1978లో నల్లజాతి పురుషులకి యాజకత్వం ఇచ్చారు. ప్రకటనతో ఒకటి, ప్రత్యక్షతతో ఒకటి. 2015 నవంబర్‌లో స్వలింగ వివాహం చేసుకున్నవాళ్లు మతభ్రష్టులని, వాళ్లింట్లో పెరిగే పిల్లలకి బాప్తిస్మం లేదని నియమం పెట్టారు, 2019 ఏప్రిల్‌లో తీసేశారు. రెండూ ప్రేమతో చేసినవేనని అప్పటి సంఘాధ్యక్షుడు నెల్సన్ 2019లో విద్యార్థులకి చెప్పారు. పెళ్లి ఆడామగా మధ్యే అన్నది మాత్రం మారలేదు. 1995 కుటుంబ ప్రకటనలో ఉంది అది, గోడలకి ఫ్రేము కట్టి తగిలిస్తారు.

పాలకొల్లు పెద్దాయన:
ఎరుకలసాని "ఎరుక చెబుతానమ్మ ఎరుక" అంటుంది చూశారూ, ఆ ఎరుకే ఇది. దేవుడు చెబితే తెలిసేది ఎరుక. ప్రత్యక్షత అని అంత సంస్కృతం ఎందుకు, ఎరుక అంటే చాలు. ఆ అబ్బాయికి ఎరుగుదును అని చెప్పు నాయనా.

వ్యాకరణం వారు:
ఎరుకలసానికి వచ్చేది "నాకు" ఎరుక. మళ్లీ ఆ "కు" విభక్తే (షష్ఠి). నా వాదనే గెలిచింది.

తెనాలి టు యూటా:
ఆదివారం లోపల చెప్తానని మాటిచ్చాను. ఇందాక మెసేజ్ పెట్టాను, రెండు మాటలూ, రెండు విభక్తులూ రాసి. "సంఘానికి నాకు తెలుసు, రెండోదానికి నేను ఎరుగుదును అంటే తప్పా?" అని తిరుగు జవాబు. తప్పా?

బండి ర అభిమాని:
తప్పు కాదు, కానీ ఎఱుగుదును అని రాయమనండి.

చందస్సు పిచ్చి:
ప్రాసలో పడ్డ పద్యం ఇంకా తేలేదు మీరు.