రిక్వెస్ట్ లాగింగ్ ఆన్ చేస్తే నోడ్ సర్వర్ మెమరీ పెరిగిపోతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వీపీఎస్‌లో (అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్) నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది), ఎక్స్‌ప్రెస్ (దాని వెబ్ ఫ్రేమ్‌వర్క్)‌తో ఒక ఏపీఐ నడుపుతున్నాను. దాని ముందు, రిక్వెస్ట్‌లు అందుకుని నోడ్‌కి పంపడానికి ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ ఉంది. ప్రతి రిక్వెస్ట్‌కీ నోడ్ నుంచి ఒక జేసన్ లైన్ లాగ్ ఫైల్‌లోకి వెళ్తుంది. సాయంత్రం రద్దీ మొదలైతే చాలు, మెమరీ ఎక్కుతూ పోయి చివరికి కెర్నల్ ప్రాసెస్‌ని చంపేస్తోంది. లాగింగ్ తీసేస్తే మెమరీ అసలు పెరగదు, కాబట్టి నా అనుమానం దాని మీదే.

నాకు అర్థమైనంతవరకు, ఫైల్‌లోకి రాసే స్ట్రీమ్‌లో రైట్ ఫంక్షన్ ఫాల్స్ (అంటే ఇక ఆగమని) ఇచ్చినా ఆగకుండా రాస్తూ పోతే, డిస్క్ అందుకోలేని లైన్లన్నీ ర్యామ్‌లోనే క్యూ కడతాయి. డ్రెయిన్ ఈవెంట్ (క్యూ ఖాళీ అయింది, మళ్లీ రాయొచ్చన్న సంకేతం) వచ్చేదాకా ఆగాలి. కానీ లాగ్ కోసం యూజర్‌ని నిలబెట్టడం నాకు మింగుడుపడట్లేదు. క్యూకి ఒక హద్దు పెట్టి, అది దాటితే స్టేటస్ కోడ్ 200 (సక్సెస్) ఉన్న లైన్లు వదిలేసి, 500 (సర్వర్ ఎర్రర్) ఉన్నవి మాత్రం ఉంచుకోవచ్చా? ప్రొడక్షన్‌లో ఎవరైనా ఇలా చేస్తున్నారా?

లేదంటే నోడ్‌లో లాగింగ్ పూర్తిగా ఎత్తేసి, ఎన్‌జిన్‌ఎక్స్ యాక్సెస్ లాగ్‌కే 64 కేబీ బఫర్ (లైన్లు మెమరీలో పోగయ్యే చోటు), 5 సెకన్ల ఫ్లష్ (పోగైనవి ఫైల్‌లోకి రాసేయడం) పెడదామనుకుంటున్నా. అప్పుడు యూజర్ ఐడీని రెస్పాన్స్ హెడర్‌లో పంపి అక్కడ లాగ్ చేయాలి. ఆ హెడర్ బయటికి పోకుండా దాచేస్తే లాగ్‌లో విలువ వస్తుందా, రాదా?

ర్యామ్ పెంచమని మాత్రం చెప్పకండి, మా వాళ్లు ఒప్పుకోరు.