కిలోమీటర్ల అంకె పక్కన ‘ఫార్’ రాస్తే తప్పేనా?

బరంపురం ట్యూషన్ మాస్టారు:
మా బరంపురం (ఇంగ్లీషులో బెర్హంపూర్) నుంచి గోపాల్‌పూర్ సుమారు 15 కిలోమీటర్లు. మా తొమ్మిదో తరగతి పిల్లలు దాన్ని ‘గోపాల్‌పూర్ ఈజ్ ఫిఫ్టీన్ కిలోమీటర్స్ ఫార్ ఫ్రమ్ బెర్హంపూర్’ అని రాస్తున్నారు. నేను ‘ఫార్’ కొట్టేసి అర మార్కు కట్ చేస్తున్నాను. అందరూ అనే మాటకు మార్కెందుకు పోవాలని ఒక పిల్లాడి నాన్నగారు నిలదీశారు. మీరేమంటారు?

రాయగడ నుంచి:
కట్ చేయకండి మాస్టారూ. పార్వతీపురం బస్సులో ఎవరిని అడిగినా అలాగే చెబుతారు, అందరికీ అర్థమవుతుంది. తెలుగులో ‘దూరంలో’ అంటాం, ఒడియాలోనూ ‘దూర’ అంటారు. పిల్లల నోట అదే వస్తుంది. అసలే ఇంగ్లీషంటే బెదిరే పిల్లలు, ఇంకా టెన్షన్ దేనికి?

పర్లాకిమిడి టీచరమ్మ:
బస్సులో మాటకు ఎవరూ అడ్డు చెప్పరు బాబూ. కానీ రేపు వీళ్లే ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఉద్యోగ పరీక్షలకు కూర్చుంటారు. వాక్యంలో తప్పు పట్టుకోమని అడిగే ప్రశ్నలు అందులో మామూలే. అప్పుడు ఎవరు నేర్పుతారు?

అంకె చెప్పాక ‘ఫార్’ అక్కర్లేదు. ‘ఫిఫ్టీన్ కిలోమీటర్స్ ఫ్రమ్ బెర్హంపూర్’ చాలు, కావాలంటే ‘ఫ్రమ్’ ముందు ‘ఎవే’ చేర్చుకోవచ్చు. ‘ఫార్’ ప్రశ్నలో వస్తుంది: ‘హౌ ఫార్ ఈజ్ ఇట్?’ కాదని చెప్పేటప్పుడు వస్తుంది: ‘పాతపట్నం ఈజ్ నాట్ ఫార్ ఫ్రమ్ హియర్.’ నడవలేనంత దూరమైతే ‘టూ ఫార్ టు వాక్’. అంకె లేకుండా బాగా దూరమని చెప్పాలంటే ‘భువనేశ్వర్ ఈజ్ ఎ లాంగ్ వే ఫ్రమ్ హియర్’ అంటే వినడానికి సహజంగా ఉంటుంది.

సిరొంచ నుంచి:
మేడమ్ చెప్పిందే నా మాట కూడా. మాకైతే కిలోమీటర్ల కన్నా గంటలే లెక్క. జిల్లా కేంద్రం గడ్చిరోలికి ఎంత దూరమంటే బస్సులో ఎన్ని గంటలో చెబుతాం. అక్కడ ఇంకో తప్పు దొర్లుతుంది. ‘ఎ ఫైవ్ అవర్స్ జర్నీ’ కాదు, ‘ఎ ఫైవ్-అవర్ జర్నీ’. ముందు ‘ఎ’ ఉంటే ‘అవర్’కు ‘ఎస్’ రాదు. మాస్టారూ, ఇదీ దిద్దండి.

రాయగడ నుంచి:
పరీక్ష సంగతి ఒప్పుకుంటాను. అయినా మొదటిసారి రాసినప్పుడు దిద్ది వదిలేయండి, రెండోసారికి మార్కు తీయండి. సరే, ‘నియర్ టు ది స్టేషన్’ అని మా ఊళ్లో బోర్డుల మీదే రాస్తారు. అదీ కొట్టేస్తారా?

బరంపురం ట్యూషన్ మాస్టారు:
‘నియర్ ది స్టేషన్’ అని పక్కన రాసి చూపిస్తాను, దానికి మార్కు తీయను. ‘ఫార్’కు మాత్రం మొదటిసారి నుంచే తీస్తాను. అర మార్కు పోతేనే మా పిల్లలు కాపీ మళ్లీ తెరిచి చూస్తున్నారు.