కైట్లిన్ క్లార్క్ అయోవాలోనే ఇంకో ఏడాది ఆడుతుందా, డబ్ల్యూఎన్‌బీఏకి వెళ్ళిపోతుందా?

బరంపురం_బాల్ (బరంపురం, గంజాం జిల్లా), 18 ఫిబ్రవరి 2024

శుక్రవారం పొద్దున్న మిచిగన్ మీద అయోవా యూనివర్సిటీ మ్యాచ్ ఎవరైనా చూశారా? ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలు నడిపే సంస్థ) ఆడపిల్లల బాస్కెట్‌బాల్లో కెల్సీ ప్లమ్ పేరున ఉన్న 3,527 పాయింట్ల రికార్డు దాటడానికి క్లార్క్‌కి ఎనిమిది కావాలి. ఆట మొదలై మూడు నిమిషాలైనా కాకముందే ఆ ఎనిమిదీ కొట్టేసింది, రికార్డు దాటించిన షాట్ కూడా కోర్టు మధ్యలో లోగో దగ్గర నుంచే. అక్కడితో ఆగిందా, 49 పాయింట్లు, 13 అసిస్టులు, అయోవా 106-89తో గెలుపు. మొత్తం 3,569కి చేరింది.

ఇప్పుడు నా టెన్షన్ వేరు. ఆమెది నాలుగో ఏడాది. కానీ మొదటి సీజన్ కోవిడ్‌లో గడిచింది కాబట్టి ఆ ఏడాదిని లెక్కలోంచి తీసేశారు, కావాలంటే ఇంకో సీజన్ కాలేజీలోనే ఆడుకోవచ్చు. లేదంటే ఏప్రిల్ 15న డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికా ఆడవాళ్ళ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్, అంటే టీములు వంతులవారీగా కొత్త ఆటగత్తెల్ని ఎంచుకునే రోజు. మొదటి పిక్ (ఎంపిక) ఇండియానా ఫీవర్ టీమ్‌ది, ఆమె పేరిస్తే వాళ్ళు వదులుకోరు. ఇంతవరకు ఏమీ చెప్పలేదు. యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) నుంచి పేజ్ బెకర్స్ మాత్రం ఇంకో ఏడాది ఉంటానని మొన్ననే ప్రకటించింది, అది విన్నప్పటి నుంచి ఈమె కూడా ఉంటుందేమోనని ఆశ.

నా కోరిక ఆమె ఉండాలనే. అయోవా చిన్న రాష్ట్రం, అక్కడ ఎన్‌బీఏ టీమ్ లేదు, డబ్ల్యూఎన్‌బీఏ టీమ్ లేదు, వాళ్ళకి ఉన్నదంతా కాలేజీ ఆటే. ఈ అమ్మాయి వెస్ట్ డెమోయిన్‌లో పెరిగింది, అంటే అక్షరాలా ఊరి పిల్ల. నిరుడు అక్టోబర్‌లో ఫుట్‌బాల్ స్టేడియంలో ఉత్తుత్తి మ్యాచ్ పెడితే 55,646 మంది వచ్చారు, ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కి! అలాంటి ఊరిని వదిలి వెళ్ళడం ఎలా ఉంటుందో మన వైపు వాళ్ళకి బాగా తెలుసు, ఇక్కడ కాస్త పైకొచ్చిన ప్రతివాళ్ళూ భువనేశ్వర్‌కో విశాఖకో వెళ్ళిపోయేవాళ్ళే కదా. మీరేమంటారు?

గుణుపురం_త్రీ (గుణుపురం)

ఉండాలి అన్నా. జాతీయ టోర్నమెంట్ కప్పు లేకుండా ఎలా వెళ్తుంది? నిరుడు ఒక్క మ్యాచ్ కూడా ఓడని సౌత్ కరోలినాని సెమీఫైనల్లో 77-73తో ఓడించింది, తను ఒక్కతే 41. దానికి ముందు మ్యాచ్ లూయివిల్ మీద 41 పాయింట్లు, 12 అసిస్టులు, 10 రీబౌండ్లు. తీరా ఫైనల్లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 102-85తో కొట్టేసింది. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. కప్పు కొట్టాకే వెళ్ళాలి.

పర్లాకిమిడి_మాస్టారు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

బాబూ, మీ ఇద్దరి అభిమానం అర్థమైంది గానీ నేను వెళ్ళమనే అంటాను. బళ్ళో పిల్లలకి ఆట నేర్పినవాడిగా చెప్తున్నాను, ఒక పిల్ల చేయగలిగిందంతా ఒక స్థాయిలో చేసేశాక అక్కడే ఇంకో ఏడాది ఉంచితే ఆట పెరగదు. ఇప్పుడే ఇద్దరు ముగ్గురు చుట్టుముట్టి కాపలా కాస్తున్నారు, అయినా కొడుతోంది. ఆమెకి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముందంటే తనకంటే బలమైనవాళ్ళు, అనుభవం ఉన్నవాళ్ళు ప్రతి రాత్రీ ఎదురైతే ఏం చేయాలన్నది, అది కాలేజీలో దొరకదు. ఈ 2024లో ఆ లీగ్‌లో ఉన్నవి 12 టీములు, టీముకి ఎక్కువలో ఎక్కువ 12 మంది, అంటే మొత్తం 144 చోట్లు. ప్రపంచంలో అందరికంటే బాగా ఆడేవాళ్ళంతా ఆ 144లో ఇమడాలి. అక్కడ ఏ రాత్రీ తేలిక మ్యాచ్ ఉండదు.

కప్పు సంగతి. గుణుపురం బాబు చెప్పిన మాటలో ఒకటి మర్చిపోయాడు. ఈ ఏడాది ఆమె పక్కన ఆడుతున్న కేట్ మార్టిన్, గాబీ మార్షల్ ఇద్దరూ ఇప్పటికే అదనపు ఏడాది వాడుకుంటున్నవాళ్ళు, వాళ్ళిక తిరిగి రారు. తను ఎప్పుడు ఎక్కడికి పరిగెడుతుందో చూడకుండానే తెలిసిన జోడీ లేకుండా, కొత్త పిల్లలతో వచ్చే ఏడాది కప్పు ఇంకా కష్టం. కప్పు కొట్టాలంటే ఈ మార్చి, ఏప్రిల్‌లోనే కొట్టాలి.

రికార్డుల కోసం ఉండాలనేవాళ్ళు కూడా ఉన్నారు, నాకు అది అస్సలు ఒప్పదు. మగపిల్లల కాలేజీ ఆటలో పీట్ మారవిచ్ 3,667 కొట్టింది మూడే సీజన్లలో, ఆ రోజుల్లో మొదటి ఏడాది పిల్లల్ని పెద్ద టీమ్‌లో ఆడనిచ్చేవారు కాదు, మూడు పాయింట్ల గీత అసలే లేదు. కాన్సాస్‌లో లినెట్ వుడార్డ్ 3,649 కొట్టింది, కానీ అప్పటికి ఆడపిల్లల ఆటని ఎన్‌సీఏఏ చేతిలోకి తీసుకోలేదు కాబట్టి వాళ్ళ పుస్తకంలో ఆ అంకె లేదు. ఎంత అన్యాయమో చూడండి. అలాంటప్పుడు అంకె పెంచుకోవడానికి ఒక ఏడాది ఎందుకు ధారపోయాలి? ఈ సీజన్లోనే ఆ రెండూ దాటేస్తుంది, చూడండి.

జయపురం_హూప్స్ (జయపురం, కోరాపుట్ జిల్లా)

నాకో డౌట్. మగపిల్లలు ఒక్క ఏడాది కాలేజీలో ఆడి ఎన్‌బీఏకి వెళ్ళిపోతున్నారు కదా, జాయన్ విలియమ్‌సన్ డ్యూక్‌లో ఒకే సీజన్ ఆడి 2019లో మొదటి పిక్ అయ్యాడు. ఈ అమ్మాయి నాలుగేళ్ళు ఎందుకు ఉండాల్సి వచ్చింది? ఇష్టపడే ఉందా?

పర్లాకిమిడి_మాస్టారు

రూల్ తేడా బాబూ. మగవాళ్ళకి 19 ఏళ్ళు నిండే ఏడాదై, హైస్కూల్ అయ్యాక ఒక ఏడాది గడిస్తే చాలు. ఆడవాళ్ళకి డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో 22 నిండాలి, లేదా కాలేజీ పూర్తవ్వాలి. ఆమెకి 22 మొన్న జనవరిలోనే నిండాయి. కాబట్టి నిర్ణయం ఆమె చేతికి రావడం నిజంగా ఇదే మొదటిసారి.

రాయగడ_పాయింట్‌గార్డ్ (రాయగడ)

ఇక్కడ అన్నయ్యలు మాట్లాడని సంగతి ఒకటుంది, డబ్బు. బయట అందరూ అంటున్నది ఏమిటంటే, 2024 మొదటి పిక్‌కి డబ్ల్యూఎన్‌బీఏ ఇచ్చే జీతం మొదటి ఏడాది 76,535 డాలర్లు, మన లెక్కలో దాదాపు 63 లక్షలు, అదే కాలేజీలో ఉంటే ప్రకటనల మీద అంతకు ఎన్నో రెట్లు వస్తుంది కాబట్టి వెళ్తే నష్టమని. ఈ లెక్క తప్పు. నైకీ, గేటరేడ్, స్టేట్ ఫామ్ ఒప్పందాలు అయోవా యూనివర్సిటీవి కావు, ఆమె సొంత పేరు మీద ఉన్నవి. 2021 జులై నుంచి కాలేజీ పిల్లలు కూడా తమ పేరు మీద సంపాదించుకోవచ్చని అనుమతి వచ్చింది, ఆ సంపాదన కాలేజీ గేటు దగ్గర ఆగిపోదు, ఆమె ఎక్కడ ఆడితే అక్కడికి వస్తుంది. ఆ జీతం దానికి పైన కలిసేదే.

కానీ ఆ జీతం తక్కువన్న మాట మాత్రం నిజం, దాని మీద నాకు కోపం ఉంది. ఈ 2024లో ఆ లీగ్‌లో అందరికంటే పెద్ద జీతం కూడా దాదాపు రెండున్నర లక్షల డాలర్లే. అందుకే ఎంత పెద్ద ఆటగత్తెలైనా సీజన్ అయ్యాక చలికాలంలో రష్యాకో టర్కీకో వెళ్ళి ఆడేవాళ్ళు. బ్రిట్నీ గ్రైనర్ అలా వెళ్ళే 2022లో రష్యాలో అరెస్టయి డిసెంబర్ దాకా జైల్లో ఉంది. క్లార్క్ వస్తే స్టేడియాలు నిండుతాయి, టీవీవాళ్ళు వస్తారు, అప్పుడు జీతాల గురించి గట్టిగా అడిగే బలం మిగతా 143 మందికీ వస్తుంది. ఆమె ఒక ఏడాది ముందు వెళ్తే వాళ్ళకి ఒక ఏడాది ముందు ఆ బలం వస్తుంది. నేను వెళ్ళాలనడానికి అసలు కారణం ఇదే.

ఇంకో మాట, ఇది మన సంగతి. నేను కాలేజీ టీమ్‌లో ఆడాను. మాలో అందరికంటే బాగా ఆడే అక్కకి డిగ్రీ మధ్యలో రైల్వే స్పోర్ట్స్ కోటా ట్రయల్స్‌కి పిలుపు వచ్చింది. ఇంట్లోవాళ్ళు, కాలేజీవాళ్ళు, మేమూ, అందరం డిగ్రీ అయ్యాక చూసుకోవచ్చు కదా, మన టీమ్ ఏమైపోవాలి అన్నాం. ఆమె వినలేదు, వెళ్ళింది, ఉద్యోగం తెచ్చుకుంది, డిగ్రీ తర్వాత ప్రైవేటుగా కట్టింది. ఆ కోటాకి వయసు 18 నుంచి 25, సడలింపు ఉండదు, ఒక్క మోకాలి దెబ్బ తగిలితే ఆ ఏళ్ళు అలాగే కరిగిపోతాయి. మన దేశంలో ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ మీద బతకడం అంటే ఇప్పటికీ రైల్వేనే. అనితా పాల్‌దురై అంత పేరు తెచ్చుకుని 2021లో పద్మశ్రీ అందుకుంది, ఆమె కూడా సదరన్ రైల్వే. గీతు అన్నా జోస్ కూడా అక్కడే. గీతు 2011లో డబ్ల్యూఎన్‌బీఏ ట్రయల్స్‌కి వెళ్ళింది, మూడు టీములు పిలిచి చూశాయి, చోటు మాత్రం రాలేదు. తలుపు దాకా వెళ్ళిన మనమ్మాయి ఆమె. ఆ తలుపు క్లార్క్ కోసం తెరిచి పెట్టి ఉంటే ఇంకో ఏడాది ఆగు అని నేనెలా అంటాను?

గుణుపురం_త్రీ

అక్కా గీతు సంగతి నాకు తెలీదు. రాత్రికి వెతికి చూస్తాను.

దెబ్బ అంటే గుర్తొచ్చింది, జనవరిలో ఓహియో స్టేట్ మీద ఓడినప్పుడు జనం కోర్టులోకి దూసుకొచ్చారు కదా, ఒకమ్మాయి వచ్చి క్లార్క్‌ని గుద్దేసింది, కింద పడిపోయింది. ఆ క్షణం నా గుండె ఆగిపోయింది.

బరంపురం_బాల్

రాయగడ చెల్లి రాసింది రెండుసార్లు చదివాను. మిగతా ఆటగత్తెల జీతాల వైపు నుంచి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. మాస్టారూ, మీరు చెప్పిన కేట్ మార్టిన్ సంగతి కూడా బలమైనదే.

కానీ బెకర్స్ ఉంటోంది కదా? ఇద్దరూ 2020లో కలిసి చేరినవాళ్ళే.

రాయగడ_పాయింట్‌గార్డ్

అన్నయ్యా, బెకర్స్‌కి 2022 ఆగస్టులో మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగింది, ఒక సీజన్ మొత్తం పోయింది. ఆ పోయిన సీజన్‌ని ఇప్పుడు వెనక్కి తీసుకుంటోంది, ఆమెకి ఉండటం న్యాయం. క్లార్క్ నాలుగు సీజన్లూ ఆడింది, ఆమెకి బాకీ ఏమీ లేదు. ఇద్దరిదీ ఒకే క్లాసు గానీ ఒకే పరిస్థితి కాదు.

జయపురం_హూప్స్

ఇండియానాపోలిస్ అయోవా సిటీ నుంచి కారులో ఆరు గంటలే అట. అభిమానులు వెళ్ళి చూసుకోవచ్చు. ఫీవర్ టీమ్ కూడా 2016 తర్వాత ప్లేఆఫ్స్ మొహం చూడలేదు, నిరుడు 40 మ్యాచ్‌లలో గెలిచింది 13. అక్కడ అలియా బోస్టన్ ఉంది, లోపల ఆమె, బయట ఈమె. నాకైతే ఆ జోడీ చూడాలని ఉంది.

బరంపురం_బాల్, 1 మార్చి 2024

చెప్పేసింది. నిన్న ప్రకటించింది, ఈ సీజనే కాలేజీలో ఆఖరు, డ్రాఫ్ట్‌కి పేరిస్తోంది.

పొద్దున్న చదివినప్పటి నుంచి మనసు బాగాలేదు, దాచుకోను. ఉండాలనే కోరుకున్నాను. కానీ ఒకటి నాకు చాలా నచ్చింది, సొంత కోర్టులో ఆఖరి లీగ్ మ్యాచ్‌కి ముందే చెప్పింది. వచ్చేవాళ్ళందరికీ ఎందుకొస్తున్నారో తెలిసే వస్తారు, చివరి నిమిషం దాకా ఊరిని ఊరించలేదు. టోర్నమెంట్ అయ్యేదాకా నోరు విప్పకుండా ఉండే వీలు ఆమెకి ఉంది, ఆ వీలు వాడుకోలేదు. బుధవారం మిన్నెసోటా మీద 33 కొట్టి 3,650 చేసింది, మాస్టారు చెప్పిన వుడార్డ్ అంకె ఒక్క పాయింట్ తేడాతో దాటింది.

పర్లాకిమిడి_మాస్టారు

మంచి పని చేసింది. వుడార్డ్ పేరు ఇప్పుడు పేపర్లలో మళ్ళీ వస్తోంది, నాకు అదీ సంతోషమే. ఇన్నాళ్ళూ ఎవరూ తలవని మనిషి. మారవిచ్‌ని దాటడానికి ఇంకా 18 కావాలి.

గుణుపురం_త్రీ

ఆదివారం ఓహియో స్టేట్ మీద మ్యాచ్, అదే మనల్ని జనవరిలో ఓడించిన టీమ్! మన టైమ్‌కి రాత్రి పదకొండున్నరకి మొదలు. సోమవారం కాలేజీ ఉన్నా నేను మేలుకునే ఉంటాను. కప్పు సంగతి నేను వదల్లేదు, ఏప్రిల్ 7న క్లీవ్‌లాండ్‌లో ఫైనల్. అక్కడిదాకా రావాల్సిందే.

రాయగడ_పాయింట్‌గార్డ్

మా ఇంట్లో ఆదివారం చుట్టాలున్నారు, టీవీ నాకు దొరకదు. ఎవరైనా స్కోరు ఇక్కడే రాస్తూ ఉండండి, 18వ పాయింట్ ఎలా వచ్చిందో మాత్రం వివరంగా రాయాలి, లేఅప్పా, త్రీనా, ఫ్రీ త్రోనా.

బరంపురం_బాల్

నేను రాస్తాను చెల్లీ. పదకొండున్నరకి ఇక్కడే ఉంటాను.