నవోదయ పరీక్ష పేరెత్తితే మా పాపకి కడుపునొప్పి

కుట్టుమిషన్ అమ్మ:
అందరికీ నమస్కారమండి. మాది పెద్దాపురం దగ్గర పల్లెటూరు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా పాప ఊళ్ళో బడిలోనే ఐదో తరగతి. నవోదయకి, అంటే ఆరో తరగతి నుంచి హాస్టల్లో ఉంచి చదివించే కేంద్ర ప్రభుత్వ బడికి, అప్లై చేశాం. పెద్దాపురం వెళ్ళినప్పుడల్లా ఆ బడి గేటు చూస్తే ఆశ పుడుతుంది, ఏం చేయను.

ఆదివారాలు టౌన్లో కోచింగ్‌కి పంపుతున్నాను. వాళ్ళు వారం వారం పరీక్ష పెట్టి, ర్యాంకులు వాట్సాప్ గ్రూపులో వేస్తారు. పోయిన నెల దీనికి 37వ ర్యాంకు వచ్చింది. అప్పట్నుంచి శనివారం రాత్రి అన్నం ముట్టదు, కడుపునొప్పి అంటుంది. డాక్టరుకి చూపిస్తే ఏమీ లేదన్నారు. లెక్కలు బానే చేస్తుంది. బొమ్మల ప్రశ్నలు, అందులోనూ కాగితం మడిచి చిల్లు పెట్టేవి చూస్తే ఏడుపే. ఈ పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు కదా, ఆ మాట నేనే రోజుకి పదిసార్లు అన్నానేమో, మొన్న నిద్రలో "ఒక్కటే ఛాన్స్" అని కలవరించింది. దీని టెన్షన్ తగ్గేదెలాగండి?

ఐదో తరగతి మాస్టారు:
అమ్మా, ఏటా మా క్లాసు నుంచి ఇద్దరు ముగ్గురు రాస్తారు. ముందు ఆ వాట్సాప్ గ్రూపు పాప ఎదుట తెరవకండి.

మీరు జాకెట్లు కుడతారన్నారు. మెడ కత్తిరించేటప్పుడు గుడ్డ మడతపెట్టి సగమే కత్తిరిస్తారు కదా, విప్పితే రెండు వైపులా వస్తుంది. ఆ చిల్లుల ప్రశ్న అచ్చం అదే! పాత పేపరు మడిచి, పాప చూస్తుండగా ఓ చోట కత్తిరించి, విప్పకముందే "ఎన్ని చిల్లులు, ఎక్కడ?" అని అడగండి. అద్దంలో బొమ్మల ప్రశ్నలకి మీ ఇంట్లో అద్దం చాలు.

మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. 40 ప్రశ్నలు ఈ బొమ్మలవే, అంటే 50 మార్కులు. లెక్కలు 20, భాష 20. భాషంటే నాలుగు పేరాలు చదివి, ఒక్కోదానికి ఐదేసి జవాబులు; తెలుగులోనే రాయొచ్చు. తప్పు జవాబుకి మార్కులు కోయరు. తెలియకపోయినా ఏదో ఒకటి దిద్దొచ్చని చెప్పగానే మా పిల్లల మొహాలు తేటపడతాయి. అలాగని ఏ భాగాన్నీ వదిలేయకూడదు, మూడింటిలోనూ విడివిడిగా పాసవ్వాలి.

అసలు దెబ్బ ఓఎంఆర్ షీటు దగ్గర, అదే, జవాబుల సున్నాలు దిద్దే కాగితం. మన పిల్లలది పెన్సిల్ అలవాటు. అక్కడ బాల్‌పెన్నే, దిద్దాక మార్చడానికి లేదు. ఇంట్లో వేసిన మాక్ టెస్టులో మా వాడొకడు 23వ ప్రశ్న వదిలేసి, 24 జవాబు 23 దగ్గర దిద్దాడు. అక్కణ్ణుంచి చివరిదాకా అన్నీ ఒక వరస పైకి జరిగాయి! ఖాళీ షీట్లు జెరాక్స్ తీయించి, రోజూ పది సున్నాలు పెన్నుతో దిద్దించండి చాలు.

కిరాణా కొట్టు నాన్న:
అక్కా, మా వాడికి సీటు రాలేదు. రిజల్ట్ రోజు మేం ఏడ్చాం, మమ్మల్ని చూసి వాడు ఏడ్చాడు. వాడిది వాడికి ఏడుపు లేదు, నాకు బాగా గుర్తు. మీరన్న "ఒక్కటే ఛాన్స్" ఆరో తరగతి పరీక్షకి మాత్రమే. తొమ్మిదిలో చేరడానికి వేరే పరీక్ష ఉంది, ఆ సంగతి నాకు అప్పుడు తెలీదు. ఇప్పుడు ఎనిమిదో తరగతి, ఆ పరీక్షతోపాటు ఎన్‌ఎంఎంఎస్ అని పేదింటి పిల్లలకి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్‌కీ చదువుతున్నాడు. వస్తే ఏడాదికి 12,000. అందులోనూ మెంటల్ ఎబిలిటీ, అంటే బుద్ధికి పరీక్ష పెట్టే ప్రశ్నలు, ఉంది, అప్పుడు నేర్చుకున్నదే అక్కరకొస్తోంది.

కుట్టుమిషన్ అమ్మ:
మాస్టారూ, తమ్ముడూ, చాలా థాంక్సండి. తొమ్మిదో తరగతి సంగతి చెప్తే "మరి ముందే చెప్పలేదేం?" అని నామీద కోప్పడింది.

నిన్న మధ్యాహ్నం పేపరు నాలుగు మడతలు చేసి, మూల కత్తిరించి అడిగాను. నేను నాలుగు చిల్లులనుకున్నా. అది "నువ్వు కత్తిరించింది నడిమి మూల కదమ్మా, మధ్యలో పెద్దది ఒక్కటే వస్తుంది" అంది. విప్పితే ఒక్కటే! ఇరవై ఏళ్ళుగా గుడ్డ కత్తిరిస్తున్నాను, చూడండి నా తెలివి. తర్వాత కత్తెర లాక్కుని నాకే పరీక్ష పెట్టింది, ఆరింటికి రెండు తప్పు చెప్పాను.

శనివారం ఇంకా రాలేదు. అన్నం తింటుందో లేదో చూడాలి.