తమ్ముడి దిగులు మూర్ఛ వల్లా, మందు వల్లా?

మా తమ్ముడికి 29 ఏళ్లు. ఎల్‌జీఐ1 జన్యువులో మార్పు వల్ల వచ్చే అరుదైన మూర్ఛ ఉంది, నాన్నకీ అదే. ఫిట్స్ ముందు చెవుల్లో హోరు వినిపిస్తుంది, ఎదుటివాళ్ల మాటలు ఉన్నట్టుండి అర్థం కాకుండా పోతాయి. ఏడాదిగా ఫిట్స్ దాదాపు లేవు.

కానీ ఆరు నెలలుగా వాడు వాడిలా లేడు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. ప్రాణంలా చూసుకునే కీబోర్డు ముట్టుకోడు. అడిగితే "ఏం లేదక్కా" అంటాడు. మొన్న మాత్రం "నాకు పిల్లలు పుడితే వాళ్లకీ ఇదే కదా" అన్నాడు. ఒక్కో బిడ్డకూ ఆ జన్యువు వచ్చే అవకాశం సగమని డాక్టర్ చెప్పారు. అది వచ్చినవాళ్లందరికీ ఫిట్స్ రావనీ ఆయనే అన్నారు, ఆ మాట వీడి చెవికెక్కలేదు.

ఫిట్స్‌కి వాడే లెవెటిరాసెటమ్ మందు డోస్ ఇంచుమించు ఈ దిగులు మొదలైనప్పుడే పెంచారు. కొందరిలో అది చిరాకు, దిగులు తెస్తుందట. సొంతంగా మాత్రం ఆపం, ఫిట్స్ తిరగబెడతాయి.

ఇలాంటి మూర్ఛ ఉన్న కుటుంబాలవాళ్లు ఎవరైనా ఉన్నారా? దిగులు జబ్బుదా, మందుదా అని మీ డాక్టర్ ఎలా తేల్చారు? డిప్రెషన్ మందులతో ఫిట్స్ పెరుగుతాయన్న భయంతో వీడు సైకియాట్రిస్ట్ దగ్గరికి రానంటున్నాడు. మీవాళ్లను ఎలా ఒప్పించారు? చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగాలని ఉంది, నోరు రావట్లేదు. మీరు ఆ మాట ఎలా మొదలుపెట్టారో చెప్పండి.