అప్‌డేట్: డాబా మీద టేకు డెక్ నలుపు వదిలింది

విజయవాడ ఎండకీ వానకీ బూడిద రంగుకి తిరిగి, స్క్రూల చుట్టూ నల్లబడిన మా టేకు డెక్ (చెక్క పలకల నేల) గురించి అడిగాను కదా, పని అయిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

చెదలేమోనని టెన్షన్ పడ్డాం. వడ్రంగి స్క్రూడ్రైవర్‌తో పలకలన్నీ పొడిచి చూశాడు, ఎక్కడా దిగలేదు. బూడిద రంగు ఎండది, నల్ల మరకలు ఇనప స్క్రూలవి. చెదల మందుతో పనే పడలేదు.

పనిచేసింది ఇనప మరకలు పోగొట్టే ఆక్సాలిక్ యాసిడ్ వాడమన్న సలహానే. గ్లౌజులు వేసుకుని, నీళ్లలో కలిపి పూస్తే చూస్తుండగానే నలుపు విడిచింది. బాగా కడిగి, పూర్తిగా ఆరాక 80, ఆ తర్వాత 120 నంబర్ శాండ్‌పేపర్‌తో చెక్క నార ఉన్న దిశలోనే రుద్దాను. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాం. పెచ్చులూడే వార్నిష్ జోలికి పోకుండా టేకు ఆయిలే పట్టించాను.

ఆయిల్ తుడిచిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి పడేయకండి, వాటికవే నిప్పంటుకోవచ్చు. విడివిడిగా ఆరేయండి.