ఏడుగురున్న ఇంటికి స్కార్పియో: అప్పు చేసి కొత్తదా, చేతిలో డబ్బుతో పాతదా?

కోనసీమ వాసి:

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాం. అమ్మానాన్నలు, మేమిద్దరం, ముగ్గురు పిల్లలు, మొత్తం ఏడుగురం. ఏడాదికి నాలుగైదుసార్లు అమలాపురం దగ్గర మా ఊరికి వెళ్లివస్తాం. ఒకవైపు ప్రయాణమే నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఊళ్లో తిరుగుడు కూడా కలుపుకుంటే ఏడాదికి 9,000 కిలోమీటర్లు దాటవు. స్కార్పియో-ఎన్ డీజిల్‌లో మాకు నచ్చిన రకానికి షోరూములో ఆన్‌రోడ్ ధర 23 లక్షలు చెప్పారు. ఇంతలో తెలిసినవారి ద్వారా 2018 నాటి పాత తరం స్కార్పియో ఒకటి 10.5 లక్షలకు బేరానికి వచ్చింది. మా చేతిలో ఉన్నది 11 లక్షలు. పాతదైతే అప్పు లేకుండా ఇంటికి వస్తుంది, కొత్తదైతే 12 లక్షలు బ్యాంకులో తీసుకోవాలి. నాన్నగారికి 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పి ఉంది. పెద్దలూ, అనుభవజ్ఞులూ ఏమంటారు?

పాతబండి ప్రియుడు:

లెక్కతో మొదలుపెడదాం, అభిమానాల సంగతి తరువాత. 12 లక్షల అప్పును 9 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 24,900 కట్టాలి, ఐదేళ్లలో వడ్డీయే 2.95 లక్షలవుతుంది. ఐదేళ్ల తరువాత మీ 23 లక్షల బండికి 13 లక్షలు పలుకుతాయని ఉదారంగానే అనుకుందాం. తరుగు పది లక్షలు, వడ్డీ మూడు లక్షలు, వెరసి పదమూడు. మీరు తిరిగేది 45,000 కిలోమీటర్లు గనుక డీజిలూ బీమా కాకుండానే కిలోమీటరుకు 29 రూపాయలు పడుతుంది. పాతది 10.5 లక్షలకు కొని, టైర్లు, క్లచ్చి, సస్పెన్షను బుష్షుల వంటి వాటికి లక్షన్నర పెట్టి, ఐదేళ్ల తరువాత ఆరు లక్షలకు అమ్మినా కిలోమీటరుకు 13 రూపాయలే.

కొత్త బండి ధరలో పన్ను ఎంతో కూడా చూడండి. నాలుగు మీటర్ల పొడవు దాటినా, డీజిలు ఇంజను 1500 సీసీ దాటినా 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. అంతకుముందు ఈ పెద్ద బండ్లకు సెస్సుతో కలిపి 50 శాతం ఉండేది. దానిపైన పది లక్షలు దాటిన కారుకు తెలంగాణలో పదిహేను శాతానికి మించిన లైఫ్ టాక్సు. ఈ డబ్బంతా మొదటి యజమాని ఎప్పుడో కట్టేశాడు. ఏడాదికి తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగే మనిషి దాన్ని మళ్లీ ఎందుకు కట్టాలో నాకు అర్థం కాదు.

ఓరుగల్లు ఇంజనీరు:

పాతబండి ప్రియుడు గారి కూడికలో తప్పులేదు. కానీ ఆయన రెండు వేర్వేరు బండ్లను ఒకే బండి అనుకుని లెక్క కట్టారు. రెంటికీ పేరు ఒకటే గాని లోపలి ఎముకలు ఒకటి కావు.

ఈ బండి నడిచివచ్చిన దారి తెలిస్తే నా మాట స్పష్టమవుతుంది. జీపుల నుంచి ఆర్మడా, బొలేరోల దాకా వచ్చిన మహీంద్రా 2002 జూన్‌లో స్కార్పియోను తెచ్చింది. అప్పటిదాకా మన ఇళ్లలో పెద్ద బండి అంటే టాటా సుమో. (అది నిజజీవితంలో కంటే మన ఫ్యాక్షను సినిమాల్లోనే ఎక్కువ ఎత్తుకు ఎగిరిందన్నది వేరే సంగతి.) జనరల్ మోటార్స్‌లో పనిచేసి వచ్చిన పవన్ గోయెంకా నాయకత్వంలో ఇక్కడి ఇంజనీర్లు రూపొందించిన స్కార్పియో, జీపు గట్టిదనాన్నీ కారు సుఖాన్నీ కలుపుతానన్న మాటను చాలావరకు నిలబెట్టుకుంది. తరువాత 2.2 లీటర్ల ఎంహాక్ డీజిలు ఇంజను వచ్చింది. 2014 సెప్టెంబరులో పై రూపు చాలావరకు అలాగే ఉంచి కింద బండిని మోసే ఉక్కు చట్రమైన చాసిస్‌ను మార్చారు. మలుపుల్లో పాతదాని ఊగిసలాట ఎరిగినవారికి ఆ మార్పు వెంటనే తెలిసింది. కోనసీమ గారికి బేరానికి వచ్చినది ఈ 2014 తరానిదే.

2022 జూన్‌లో వచ్చిన స్కార్పియో-ఎన్ పూర్తిగా మరో బండి. చాసిస్ కొత్తది, వెనక సస్పెన్షను కొత్తది, పొడవు 4,662 మిల్లీమీటర్లు. పాతదాన్ని కూడా ఆపేయకుండా ‘క్లాసిక్’ అని పేరు మార్చి అమ్మడంతో, రెండూ ఒకే ఇంటి అన్నదమ్ములన్న భ్రమ జనంలో ఉండిపోయింది. కార్ల భద్రతను పరీక్షించి ఐదుకు గాను నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ 2016లో ఎయిర్‌బ్యాగులు లేని పాత తరం స్కార్పియోను గోడకు గుద్దించి చూసినప్పుడు పెద్దల భద్రతకు ఒక్క నక్షత్రమైనా రాలేదు. స్కార్పియో-ఎన్‌కు 2022 డిసెంబరులో పెద్దల భద్రతకు 5, పిల్లల భద్రతకు 3 నక్షత్రాలు వచ్చాయి. మీ కిలోమీటరుకు 13 రూపాయల లెక్కలో ఈ తేడాకు ఏ గడిలోనూ చోటు లేదు.

ఇంకొకటి. డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2019 జూలై 1 నుంచి. పక్క సీటుకు అన్ని కార్లలోనూ తప్పనిసరి అయింది 2021 చివరికి. కాబట్టి 2018 బండి అన్నప్పుడు అది ఏ రకమో తెలియకుండా అందులో ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నాయో చెప్పలేం. కోనసీమ గారు ముందు ఆ సంగతి కనుక్కోవాలి.

ముగ్గురు పిల్లల తల్లి:

ఆ బండిలో వెనక వరుస ఎలా ఉందో ఎవరూ అడగలేదు, అందుకని నేను అడుగుతున్నాను. పాత స్కార్పియోలలో కొన్ని రకాలకు వెనక ఎదురెదురు సీట్లుంటాయి. మా పుట్టింట్లో అలాంటిది ఉండేది. పిల్లలందరం అక్కడే కూర్చుని, మోకాళ్లు తగిలించుకుని, తినుబండారాల డబ్బా మధ్యలో పెట్టుకుని ఊరు చేరేవాళ్లం. అది తీపి జ్ఞాపకమే. కానీ ఇప్పుడు తల్లిగా ఆలోచిస్తే, బ్రేకు పడినప్పుడల్లా పక్కవాటుగా జారిపోయే ఆ సీటులో పిల్లవాణ్ణి నాలుగు వందల కిలోమీటర్లు కూర్చోబెట్టడానికి నాకు మనసు రాదు. మీ ఇంట్లో అమ్మానాన్నలు మధ్య వరుసలో కూర్చుంటారు గనుక వెనక వరుస ఎప్పుడూ పిల్లలకే. కాబట్టి బేరం కంటే ముందు వెనక డోరు తీసి చూడండి.

రైలు మార్గం:

ఏడాదికి నాలుగు ప్రయాణాలకు ఇన్ని లక్షలెందుకు? రైలెక్కి, అక్కడ దిగి ఒక ఇన్నోవా మాట్లాడుకుంటే అన్నీ తీరిపోతాయి కదా.

కోనసీమ వాసి:

అమలాపురానికి రైలు లేదండీ. రాజమండ్రిలో దిగి మళ్లీ కారు ఎక్కాలి, సంక్రాంతికైతే ఏడు బెర్తులు ఒకేచోట దొరకడం కలలో మాట. అద్దె కారు కూడా చూశాం, నాన్నగారు గంటకొకసారి ఆగమంటే డ్రైవరు ముఖం మారిపోతుంది. వెనక వరుస విషయం కనుక్కున్నాను, తల్లిగారు అనుమానించినట్టే ఎదురెదురు సీట్లే.

ఆడిటరు గారబ్బాయి:

పాత కార్లకు జీఎస్టీ 18 శాతం అయిపోయిందని, అది ధర మొత్తం మీద పడుతుందని చాలామంది భయపడుతున్నారు, అది నిజం కాదు. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం నిర్ణయించిన ఆ 18 శాతం, నమోదైన వ్యాపారి తన లాభం మీద కట్టేది. అతను 9.5 లక్షలకు కొని 10.5 లక్షలకు అమ్మితే లక్ష మీద 18 వేలు. ఒక మామూలు మనిషి ఇంకో మామూలు మనిషికి అమ్ముకుంటే అదీ లేదు.

అసలు తలనొప్పి కాగితాల్లో ఉంటుంది. ఆర్‌సీలో ఫైనాన్సు సంస్థ పేరు ఉంటే, ఆ పేరు తీసేయించే ఫారం 35, దానితోపాటు వాళ్ల నిరభ్యంతర పత్రం చేతికి రానిదే డబ్బు పూర్తిగా ఇవ్వకండి. ఢిల్లీలో డీజిలు బండ్లకు పదేళ్ల గడువు పెట్టడంతో అక్కడివి ఇక్కడికి చౌకగా వస్తూ వచ్చాయి. ధర చూసి ఆశపడితే ఇక్కడ లైఫ్ టాక్సు మళ్లీ కట్టవలసి వచ్చినప్పుడు ఆ చౌకదనం కరిగిపోతుంది.

ఇంకొక మాట. జీఎస్టీ 50 నుంచి 40కి దిగి కొత్త బండి ధర తగ్గినప్పుడు పాతదాని ధర కూడా దిగాలి. పాత రోజుల ధర పట్టుకుని కూర్చున్న యజమానికి ఈ సంగతి మర్యాదగా గుర్తుచేయవచ్చు.

బెజవాడ సింగ్‌నగర్:

కాగితాలు ముత్యాల్లా ఉన్నా మోసం జరగవచ్చని నా అనుభవం చెబుతోంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు మా మీద పడినప్పుడు వీధుల్లో కార్లు బానెట్ల దాకా మునిగి రోజుల తరబడి అలాగే ఉన్నాయి. అలాంటి బండ్లు తరువాత చేతులు మారుతూ వేరే ఊళ్లలో తళతళలాడుతూ తేలుతుంటాయి.

కొన్ని నెలల తరువాత మా తమ్ముడి కోసం ఒక మధ్యవర్తి దగ్గర ఏడు సీట్ల బండి చూశాం. పాలిష్ కొత్తది, సీటు కవర్లు కొత్తవి, లోపల మల్లెపూల సెంటు గుప్పుమంటోంది. నాకు ఆ సెంటు మీదే అనుమానం వచ్చింది. మధ్య వరుసలో సీటుబెల్టును చివరికంటా బయటికి లాగాను. మామూలుగా మనం లాగే మూరెడు వరకు శుభ్రంగా ఉంది. ఆ తరువాత బయటికి వచ్చిన పట్టీ మీద అడ్డంగా గోధుమరంగు గీత, దాని కింద అంతా ఎండిన ఒండ్రు రంగు. గోటితో గీకితే పొడి రాలింది. సీటు కిందికి ఫోను లైటు వేసి చూస్తే పట్టాల బోల్టులు తుప్పుతో ఉబ్బిపోయి ఉన్నాయి. మేమేమీ అనకముందే ఆ మధ్యవర్తి ధర రెండు లక్షలు తగ్గించాడు. మేము నమస్కారం పెట్టి వచ్చేశాం.

పాత బండి కొనవద్దని నేననను. కానీ బెల్టు లాగకుండా, కార్పెట్టు ఎత్తకుండా, బీమా క్లెయిముల చరిత్ర అడగకుండా కొనవద్దు.

పాతబండి ప్రియుడు:

ఇంజనీరు గారి భద్రత వాదన న్యాయమైనది, ఎదురెదురు సీట్ల సంగతి విన్నాక 2018 బండి మీద నా పట్టు వదులుకుంటున్నాను. కానీ ఆ వాదన తరానికి సంబంధించినదే తప్ప, కొత్తదానికీ పాతదానికీ సంబంధించినది కాదని గమనించండి. 2022 చివర్లోనో 2023లోనో తయారైన స్కార్పియో-ఎన్ పాత బండే అయినా చాసిస్ అదే, అయిదు నక్షత్రాలు తెచ్చుకున్న నిర్మాణం అదే. తరుగులో పెద్ద ముక్కను మొదటి యజమాని మింగేశాడు. విడిగా చాసిస్ లేని కారు తరహా నిర్మాణం కావాలంటే 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ700 కూడా పాత బజారులో దొరుకుతోంది, దానికీ పెద్దల భద్రతలో 5 నక్షత్రాలే.

ఓరుగల్లు ఇంజనీరు:

అంత తేలికగా ఒప్పుకోలేను. ఇలాంటి బండ్లకు గిరాకీ ఎక్కువ, అందువల్ల మూడేళ్ల బండికీ కొత్తదానికీ ధరలో మీరు ఆశించినంత తేడా రాదు. పైగా పాత కారు అప్పుకు వడ్డీ రేటు కొత్తదానికంటే ఎక్కువ ఉంటుంది.

అయితే మీ పక్షాన ఒక మాట నేనే చెప్పాలి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిలు బండ్లలో పొగగొట్టంలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి హైవే మీద కొంతసేపు ఆగకుండా పరుగెత్తాలి. రోజూ బడికీ కూరగాయలకూ రెండు కిలోమీటర్లు తిరిగే ఇంట్లో అది పూడుకుపోయి హెచ్చరిక దీపం వెలుగుతుంది. 2018 నాటి బీఎస్4 బండికి ఈ బెడద లేదు. బీఎస్6 డీజిలు కొంటే కోనసీమ గారు నెలకొకసారైనా బండిని సూర్యాపేట దాకా తోలుకుని రావాలి, లేదా పెట్రోలు రకం చూసుకోవాలి. పాత బీఎస్6 డీజిలు బండి కొంటే మొదటి యజమాని ఎలా తిరిగాడన్నది ఓడోమీటరు కంటే ముఖ్యమైన ప్రశ్న. మూడేళ్లలో పదిహేను వేలే తిరిగిందని గొప్పగా చెబితే నేనైతే సంతోషించను, భయపడతాను.

ముగ్గురు పిల్లల తల్లి:

మీరంతా కింద చాసిస్ దగ్గరే ఉన్నారు, పెద్దాయన మోకాళ్ల దగ్గరికి ఎవరూ రాలేదు. స్కార్పియోలా నిచ్చెన ఆకారపు చాసిస్ మీద కట్టిన బండికి లోపలి నేల ఎత్తు. కొత్తదైనా పాతదైనా ఆయన ఎక్కలేకపోతే 23 లక్షలూ దండగే.

కోనసీమ వాసి:

తల్లిగారి మాట తలకెక్కింది. మొన్న ఆదివారం నాన్నగారిని షోరూముకు తీసుకువెళ్లాను. స్కార్పియో-ఎన్ మధ్య వరుసలోకి మొదటిసారి కుడికాలు పెట్టి ఆగిపోయారు. రెండోసారి డోరు అంచు పట్టుకోబోతే సేల్స్ కుర్రవాడు లోపలి పిడి చూపించాడు. మూడోసారి ఎడమకాలు ముందు ఫుట్‌బోర్డు మీద పెట్టి, పిడి పట్టుకుని తిరిగి కూర్చున్నారు. దిగేటప్పుడు నా భుజం కావలసి వచ్చింది. “ఎక్కగలను గాని, టీ కోసమని మాటిమాటికి దింపకు” అన్నారు. పక్కనే ఉన్న ఎక్స్‌యూవీ700లోకి ఎవరి సాయం లేకుండా ఎక్కారు. అక్కడితో నా ఆలోచన మారింది.

2018 బండి వద్దని చెప్పేశాను. కూకట్‌పల్లిలో ఒక సాఫ్ట్‌వేరు ఉద్యోగి 2022 ఎక్స్‌యూవీ700 పెట్రోలు అమ్ముతున్నారని తెలిసి నిన్న సాయంత్రం వెళ్లాను. ఆయన చెప్పిన ధర 15 లక్షలు, అంటే అప్పు 12 నుంచి నాలుగుకు దిగుతుంది. ఏడు బెల్టులూ చివరికంటా లాగి చూశాను, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. కార్పెట్టు ఎత్తితే ఒక బిస్కెట్టు ముక్కా, రెండు రూపాయల నాణెమూ దొరికాయి. ఆర్‌సీలో బ్యాంకు పేరు ఇంకా ఉంది, నిరభ్యంతర పత్రం వచ్చేదాకా బయానా తప్ప ఇవ్వనని చెప్పాను. మేము వెళ్లేసరికే ఆయన ఇంజను స్టార్టు చేసి ఉంచడం ఒక్కటే నాకు నచ్చలేదు. చల్లారిన ఇంజను ఎలా స్టార్టవుతుందో చూడాలి, అందుకే మళ్లీ శనివారం ఉదయం ఆరింటికి వస్తానని, నేను వచ్చేదాకా తాళం చెవి ముట్టుకోవద్దని చెప్పి వచ్చాను. మాకు తెలిసిన మెకానిక్కు కూడా వస్తున్నాడు.